ఉల్లేఖనల లెక్కలో యల్లాప్రగడ సుబ్బారావుగారు

పరిశోధన చేసే మనిషి ఒక్కరైనా ఉన్న తెలుగింట్లో ఈ రోజుల్లో మూడు ప్రశ్నలు తరచు వినబడుతున్నాయి. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి? వాటికి సైటేషన్లు ఎన్ని? ఎచ్-ఇండెక్స్ ఎంత? పూర్వం పెళ్ళిచూపుల్లో జీతం ఎంత, పొలం ఎన్నెకరాలు అని అడిగేవారు. ఇప్పుడు ఆ వరసలో ఈ అంకెలు కూడా చేరాయి.

ఊరికే గొప్పకి చెప్పుకునే అంకెలైతే వాటిమీద వ్యాసం రాయనక్కరలేదు. కాని మనవాళ్ళ బతుకుతెరువు వీటితో ముడిపడి ఉంది. ఇండియాలో వైద్యం చదివి ఇక్కడ రెసిడెన్సీకి ప్రయత్నించేవారి దరఖాస్తులో ప్రచురణల కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. 2022 జనవరి నుంచి మొదటి స్టెప్ పరీక్షకి మార్కులు ఎత్తేసి, పాసా ఫెయిలా అన్నది మాత్రమే చెబుతున్నారు కనుక ఆ గడికి బరువు ఇంకా పెరిగింది. "అసాధారణ ప్రతిభ" కోవలో గ్రీన్ కార్డు కోరేవారు తమ పత్రాలని ఎంతమంది పేర్కొన్నారో లెక్కకట్టి అర్జీకి జతపరుస్తున్నారు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఖాయమయ్యే ముందు కమిటీవారు తిరగేసేవి కూడా ఈ పట్టికలే.

అందుచేత ఈ లెక్క దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో తెలుసుకోవడం మనకి అవసరం. ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఈ దేశానికి వచ్చి, 1948లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో 53వ ఏట కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. ఆయన ప్రచురణల పట్టికని నేటి కొలబద్దతో కొలిచి చూద్దాం. సైటేషన్ అన్నమాటకి ఈ వ్యాసంలో "ఉల్లేఖన" అని వాడతాను.

లెక్క ఎలా పుట్టింది?

ఒక పరిశోధకుడు పత్రం రాసేటప్పుడు తనకి ముందు ఆ దారిలో నడిచినవారిని చివర పేర్కొంటాడు. ఈ ఆచారం పాతదే. ఆ పేర్లన్నీ తిరగేసి "ఫలానా పాత పత్రాన్ని ఆ తరువాత ఎవరెవరు పేర్కొన్నారు" అని సూచిక తయారుచేస్తే బాగుంటుందన్న ఆలోచన యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. ఈ ఆలోచన ఆయనకి వకీళ్ళ దగ్గర దొరికింది. ఒక పాత తీర్పుని తరువాతి కోర్టులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చూపించే షెపర్డ్స్ సూచిక అమెరికన్ లాయర్ల చేతిలో 1873 నుంచి ఉంది. అటువంటిదే శాస్త్రానికి కూడా కావాలని గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో రాశాడు. 1960లో ఫిలడెల్ఫియాలో ఒక సంస్థ స్థాపించి, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువరించాడు. మొదటి సంచికలోకి 613 పత్రికలు, 14 లక్షల ఉల్లేఖనలు ఎక్కాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సూచిక వెతుకులాటకి పుట్టింది. లైబ్రరీకి వెళ్ళిన పరిశోధకుడికి తన విషయంమీద ఇంకెవరు పనిచేశారో చూపించడం దాని పని. మనుషులకి మార్కులు వెయ్యడం తరువాత తగులుకున్న అలవాటు.

ఈ మార్కుల్లో ఇప్పుడు బాగా చలామణీలో ఉన్నది ఎచ్-ఇండెక్స్. దీన్ని 2005లో కాలిఫోర్నియాలోని భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ ప్రతిపాదించాడు. లెక్క చాలా సులువు. ఒకరి పత్రాలన్నిటినీ ఉల్లేఖనల సంఖ్య ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదాకా వరసలో పెట్టండి. పదో పత్రానికి కనీసం పది ఉల్లేఖనలు ఉండి, పదకొండో పత్రానికి పదకొండు లేకపోతే ఆ మనిషి ఎచ్-ఇండెక్స్ 10. ఒకే ఒక్క పత్రం రాసి, దానికి పదివేల ఉల్లేఖనలు వచ్చినా ఎచ్-ఇండెక్స్ 1 దగ్గరే ఆగిపోతుంది.

నీలిరంగు తెచ్చిన పేరు

ఇప్పుడు సుబ్బారావుగారి పట్టిక దగ్గరికి వద్దాం. అందులో ఉల్లేఖనలకి శిఖరం 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయిన పత్రం. రచయితలు ఇద్దరు. హార్వర్డ్ అధ్యాపకుడు సైరస్ ఫిస్క్ మొదటి పేరు, సుబ్బారావుగారిది రెండో పేరు. విషయం, రక్తంలోనూ మూత్రంలోనూ ఇతర పదార్థాల్లోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగునిబట్టి కనుక్కోవడం. ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, దానికి మరొక రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. రంగుని పోల్చి చూసే పరికరం ఒకటి ఉంటే చాలు, మామూలు ఆస్పత్రి లేబరేటరీలో కూడా చెయ్యొచ్చు.

ఈ పత్రాన్ని వేలకొద్దీ పరిశోధకులు ఉల్లేఖించారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎముకల జబ్బులు చూసేవారికీ, మూత్రపిండాలు చూసేవారికీ, ఎంజైములమీద పనిచేసేవారికీ, మొక్కల రసాయనం చదివేవారికీ ఫాస్ఫరస్ కొలవవలసిన అవసరం ఉంది. కొలిచిన ప్రతివాడూ "ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రకారం కొలిచాను" అని ఒక ముక్క రాయాలి. ఊళ్ళో అందరికీ ఒకటే తిరగలి ఉంటే ఆ తిరగలి పేరు ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది కదా!

పద్ధతి నేర్పే పత్రాలకి ఉల్లేఖనలు ఎక్కువ రావడం సుబ్బారావుగారి ఒక్కరి విషయంలో జరిగినది కాదు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ఉల్లేఖనలు పొందిన పత్రం 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రోటీనుని కొలిచే పద్ధతిమీద రాసినది. 2014లో నేచర్ పత్రిక లెక్క చూసేసరికి దానికి మూడు లక్షలు దాటాయి. అదేమంత గొప్ప పత్రం కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. అదే లెక్కలో మొదటి వంద పత్రాల్లోకి డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్-క్రిక్ పత్రం ఎక్కలేదు. ఉల్లేఖన అంటే "ఈ పత్రం నాకు పనికొచ్చింది" అని చెప్పే రసీదు అనుకోవాలి. ఎంత లోతైన పని అన్నది ఆ రసీదుమీద రాసి ఉండదు.

పద్ధతి కనిపెట్టి ఊరుకుంటే సుబ్బారావుగారి కథ అక్కడితో ఆగేది. కండరంనుంచి తీసిన ద్రవాన్ని ఈ పద్ధతితో పరీక్షిస్తుంటే నీలిరంగు రావలసినంత త్వరగా రాకుండా మెల్లిమెల్లిగా చిక్కబడడం వారి కంటబడింది. రసాయనాల్లో లోపం అనుకుని వదిలెయ్యవచ్చు. వారు వదల్లేదు. అంతవరకు ఎవరికీ తెలియని ఒక ఫాస్ఫరస్ పదార్థం కండరంలో ఉందనీ, అది పరీక్ష జరుగుతూండగానే విడిపోతూ ఫాస్ఫేటుని వదులుతోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ఆ సంగతి వచ్చింది. ఆ ఏడాదే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఆ పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు మరో పత్రంలో ఏ.టి.పి. గురించి రాశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనిపెట్టాడు.

జీవకణం శక్తిని ఎలా దాచుకుంటుంది, ఎలా ఖర్చుపెడుతుంది అన్న ప్రశ్నకి ఆ రెండు చిన్న పత్రాలూ పునాదిరాళ్ళు. ఈనాడు హైస్కూలు పిల్లవాడు కూడా ఏ.టి.పి. పేరు చెబుతాడు. ఆ పేరు వాడిన పరిశోధకుడెవరూ 1929 నాటి పత్రాన్ని ఉల్లేఖించడు. అవసరం లేదు. ఒక సంగతి అందరి నోటా పడి పాఠ్యపుస్తకంలోకి వెళ్ళిపోయాక దానికి ఉల్లేఖనలు ఆగిపోతాయి. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ వింతని గుర్తించి దానికొక పేరు పెట్టాడు. సారాంశం ఏమిటంటే, అందరిదీ అయిపోయిన సొమ్ముకి యజమాని పేరు చెరిగిపోతుంది.

పేరు లేని పనులు

హార్వర్డ్‌లో సుబ్బారావుగారికి స్థిరమైన పదవి దక్కలేదు. అక్కడ ఆయన చేసిన పని అంతా అచ్చులోకి రాలేదు కూడా. ఆ ప్రయోగశాలలోనే చదువుకుని, 1988లో నోబెల్ బహుమానం అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన న్యూక్లియోటైడులలో కొన్ని ప్రచురణకు నోచుకోలేదనీ, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందనీ చెప్పాడు. అచ్చు కాని పనికి ఎచ్-ఇండెక్స్‌లో విలువ సున్న.

1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబరేటరీస్ అనే మందుల కంపెనీకి మారారు. త్వరలోనే అక్కడ పరిశోధనకి అధిపతి అయ్యారు. మనం రోజూ ఆస్పత్రిలో వాడే మందులు చాలావాటికి మూలాలు ఆ ఎనిమిదేళ్ళలోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటే పట్టికతో సరిచూద్దాం.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చిన్నవయసులోనే పోయారు. ఆ జబ్బుకీ, కొన్ని రకాల పాండురోగానికీ మందు అయిన ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్నీ, దాన్ని కృత్రిమంగా తయారుచేసే విధానాన్నీ 1946లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. రచయితలు పదహారుమంది. అందులో సుబ్బారావుగారి పేరు ఏడోది.

రెండోది ఎమినోటెరిన్. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థం. లుకీమియా వచ్చిన పిల్లల్లో దీన్ని వాడి చూసిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు. కేన్సరుకి రసాయన చికిత్స చరిత్రలో ఇది మొదటి మైలురాళ్ళలో ఒకటి. ఆ పత్రానికి రచయితలు అయిదుగురు. వారిలో సుబ్బారావుగారు లేరు. మందు తయారీని అంతకు ముందు ఏడాది ప్రకటించిన రసాయన పత్రంలో లెడర్లీ రసాయనికుల పేర్లు ముగ్గురివి ఉన్నాయి. అందులోనూ ఆయన లేరు. ఫార్బర్ పత్రం వచ్చిన రెండు నెలలకి, ఆగస్టులో, ఆయన గుండె ఆగి పోయారు.

ఎమినోటెరిన్‌కి దగ్గర చుట్టం మెతోట్రెక్సేట్. లుకీమియా పిల్లలకీ, కీళ్ళవాతం రోగులకీ, సోరియాసిస్ వారికీ ప్రపంచమంతా ఇస్తున్న మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఈ మందు చీటీ రాసే డాక్టర్లం ఎవరమూ చీటీ అడుగున ఉల్లేఖన రాయం.

మూడోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో పెద్దన్న. దానిమీద 1948లో వచ్చిన మొదటి పత్రానికి రచయిత బెంజమిన్ డగ్గర్ ఒక్కడే. ఆ వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు పనిచేసినది సుబ్బారావుగారు నడిపిన పరిశోధన విభాగంలోనే.

నాలుగోది మన ఊళ్ళకి బాగా తెలిసినది. లెడర్లీవారు హెట్రజాన్ పేరుతో అమ్మిన డైఇథైల్‌కార్బమజీన్. బోదకాలు పురుగుమీద పనిచేస్తుంది. గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి బోదకాలు గురించి వివరించనక్కరలేదు. 2004లో భారత ప్రభుత్వం ఏటా ఊరంతటికీ ఒకేసారి మందు మింగించే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మింగించినది ఈ మాత్రే. 1947లో దానిమీద వచ్చిన పత్రంలో ఆరుగురు రచయితలు. సుబ్బారావుగారి పేరు అన్నిటికంటే చివర.

పట్టికని ఇప్పుడు మొత్తంగా చూడండి. ఎక్కువ ఉల్లేఖనలు తెచ్చినది కొలత పద్ధతి. జీవరసాయన శాస్త్రానికి దారి చూపినవి పాఠ్యపుస్తకంలో కరిగిపోయాయి. మనుషుల ప్రాణాలు నిలబెట్టినవాటిలో ఆయన పేరు మధ్యలోనో చివరనో ఉంది, లేకపోతే అసలే లేదు. అయితే ఈ మందులన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని మనవాళ్ళు కొందరు సభల్లో చెబుతుంటారు. అదీ సరికాదు. రసాయనికులు, జంతువులమీద పరీక్షించినవారు, రోగులకి ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. ఏ దిక్కుకి వెళ్ళాలో చూపించి, వాళ్ళందరినీ ఒక దారిన నడిపించడం ఆయన పని. ఆ పనికి రచయితల వరసలో చోటు లేదు.

దీనికి మన దేశంలోనే ఒక కొసమెరుపు ఉంది. వైద్య కళాశాల అధ్యాపకుల పదోన్నతికి ప్రచురణలు కావాలని నిబంధన పెట్టిన భారత వైద్య మండలి, 2015లో మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అని తేల్చింది. తరువాత కొంత సడలించారు. ఆ 2015 నిబంధన ప్రకారం ఫోలిక్ ఆమ్లం పత్రమూ, బోదకాలు మందు పత్రమూ సుబ్బారావుగారి ఖాతాలో పడవు.

తులాలూ, శేర్లూ

బంగారాన్ని తులాల్లో తూస్తాం, కందిపప్పుని శేర్లలో కొలుస్తాం. పది తులాలకంటే ఇరవై శేర్లు ఎక్కువ అనేవాడిని చూసి నవ్వుతాం. ఒక శాస్త్రంలోని ఉల్లేఖనల్ని మరొక శాస్త్రంలోనివాటితో పోల్చడం అటువంటిదే. హిర్ష్ తన 2005 పత్రంలోనే ఈ తేడా చూపించాడు. ఆనాటికి భౌతిక శాస్త్రవేత్తల్లో అందరికంటే పైన ఉన్న ఎడ్వర్డ్ విటెన్ ఎచ్-ఇండెక్స్ 110. జీవశాస్త్రాల్లో పైన ఉన్న సాలమన్ స్నైడర్‌ది 191. దీనినిబట్టి ఎవరు గొప్ప అని అడగడానికి వీలులేదు.

తేడాకి కారణాలు నాలుగు. ఒకటి, వైద్య, జీవశాస్త్రాల్లో పనిచేసేవారి సంఖ్య చాలా ఎక్కువ. పేర్కొనేవాళ్ళు ఎక్కువైతే పేర్కొనబడడమూ ఎక్కువే. రెండు, ఒక్కొక్క పత్రం చివర ఇచ్చే పేర్ల జాబితా గణితంలో చిన్నది, జీవశాస్త్రంలో పెద్దది. మూడు, వేగం. వైద్యంలో మూడేళ్ళనాటి పత్రం పాతబడిపోతుంది, గణితంలో ముప్పై ఏళ్ళనాటి సిద్ధాంతం కూడా కొత్తగానే ఉంటుంది. నాలుగు, రచయితల సంఖ్య. గణితంలో తరచు ఒకరో ఇద్దరో ఉంటారు. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశిమీద వచ్చిన భౌతిక శాస్త్ర పత్రంలో 5,154 మంది రచయితలున్నారు. ఆ పత్రానికి వచ్చే ప్రతి ఉల్లేఖనా అంతమంది ఖాతాల్లోనూ పడుతుంది.

గణిత శాస్త్రాల పక్షాన మన ఇంకో తెలుగాయన్ని చూద్దాం. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, అందరూ సి.ఆర్. రావు అనేవారు, 1920లో హడగళిలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితమూ, కలకత్తాలో సంఖ్యాశాస్త్రమూ చదివారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా గణిత సంఘం వారి బులెటిన్‌లో ఒక పత్రం రాశారు. ఉన్న సమాచారంతో ఒక రాశిని ఎంత కచ్చితంగా అంచనా వెయ్యగలం, దానికి దాటరాని హద్దు ఏది అన్నది అందులోని విషయం. స్వీడన్‌లో క్రామర్ కూడా విడిగా అదే ఫలితానికి వచ్చినందున ఆ హద్దుకి క్రామర్-రావు హద్దు అని పేరు వచ్చింది. అదే పత్రంలోని మరో ఫలితం రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా స్థిరపడింది. రాడార్ సంకేతాలు పట్టే ఇంజనీర్లు, ఆర్థిక శాస్త్రజ్ఞులు, మా వైద్యంలో బొమ్మలు తీసే యంత్రాలు రూపొందించేవారు ఈ హద్దుని నిత్యం వాడతారు. వాడుతూ "క్రామర్-రావు" అంటారు గాని చాలామంది 1945 పత్రాన్ని జాబితాలో చేర్చరు. పేరే ఉల్లేఖన అయిపోయింది! లెక్కపెట్టే యంత్రానికి మటుకు ఆ పేరు కనబడదు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానం ఇచ్చారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఈ దేశంలో ఆయన కాలధర్మం చెందారు.

బెంగుళూరులోని రసాయన శాస్త్రవేత్త, భారతరత్న సి.ఎన్.ఆర్. రావుగారివి పదిహేనువందల పైచిలుకు పత్రాలు. ఇద్దరు రావుల్లో ఎవరు పెద్ద అని అంకెలు చూసి తీర్పు చెప్పేవారికి తులాలూ శేర్లూ మళ్ళీ గుర్తు చెయ్యాలి.

చెట్టు పేరు చెప్పి కాయలు

మనిషిని విడిచి పత్రికని చూసి విలువ కట్టేవారు ఇంకొందరు. దీనికి ఇంపాక్ట్ ఫాక్టర్ అనే అంకె వాడతారు. ఒక పత్రిక గడిచిన రెండేళ్ళలో అచ్చువేసిన పత్రాలకి ఈ ఏడాది సగటున ఎన్ని ఉల్లేఖనలు వచ్చాయి అన్నది ఆ అంకె. తన సూచికలో ఏ పత్రికలు చేర్చాలో తేల్చుకోవడానికి గార్‌ఫీల్డ్ దీన్ని పెంచి పోషించాడు. సగటులో ఒక మోసం ఉంది. 2005లో నేచర్ పత్రిక తన లెక్క తనే బయటపెట్టింది. అంతకు ముందు ఏడాది తమకి వచ్చిన అంకెలో 89 శాతం కేవలం 25 శాతం పత్రాలవల్లనే వచ్చిందని చెప్పింది. తక్కిన పత్రాలన్నీ పెద్ద చెట్టుకి కాసిన చిన్న కాయలు. చెట్టు పేరు చెప్పి అవీ అమ్ముడవుతున్నాయి. రెండేళ్ళ కొలతలో 1945నాటి కలకత్తా బులెటిన్ ఎక్కడ నిలబడుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇంకొక సంగతి. ఉల్లేఖన అంటే మెప్పు అని కూడా అనుకోకూడదు. టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పత్రాన్ని 2010లో ఆ పత్రిక వెనక్కి తీసుకుంది. దానికి ఉల్లేఖనలు ఎన్నో. అది తప్పు అని చెప్పడానికి కూడా దాన్ని పేర్కొనక తప్పదు కదా.

అంకెకి జీతమూ, పదవీ, వీసా ముడిపెట్టాక అంకెని పెంచే వ్యాపారం పుట్టడంలో ఆశ్చర్యం లేదు. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు వచ్చాయి. డబ్బిస్తే రచయితల్లో పేరు చేర్చే దళారీలు వచ్చారు. రెసిడెన్సీ కోసం ఆతురతగా ఉన్న కుర్రడాక్టర్లు వీళ్ళకి సులువుగా దొరుకుతారు. నెలకో పత్రం, అందులో తాను చూడని రోగుల వివరాలు. ఇంటర్వ్యూలో "ఇందులో మీరేం చేశారు?" అని అడిగితే జవాబు ఉండదు. ఆ పత్రం తరువాత ఉపసంహరిస్తే పేరు శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది.

శాస్త్రలోకం ఊరుకోలేదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రజ్ఞుల సమావేశంలో కొందరు కూర్చుని, పత్రిక అంకెనిబట్టి మనిషికి విలువ కట్టవద్దని ఒక ప్రకటన తయారుచేశారు. 2013లో అది వెలువడింది. అప్పటినుంచి ఎన్నో విశ్వవిద్యాలయాలూ, నిధులిచ్చే సంస్థలూ దానిమీద సంతకం చేశాయి. సంతకం తేలిక, అలవాటు మానడం కష్టం అన్నది వేరే సంగతి.

మన పేర్లతో వచ్చే చిక్కు

తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన బాధ ఒకటుంది. మనకి ఇంటిపేరు ముందు, ఈ దేశంలో వెనక. సుబ్బారావుగారి పత్రాలు చూడండి. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుంచించుకుపోయి, సుబ్బారావు ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడా ఒక చోట కలిపి, ఒక చోట విడగొట్టి ఉంటాయి. మనలో చాలామంది పాస్‌పోర్టులో ఒకలాగ, మొదటి పత్రంలో ఒకలాగ, పెళ్ళయ్యాక ఇంకొకలాగ ఉంటాం. లెక్కపెట్టే యంత్రం వాళ్ళని ముగ్గురు మనుషులుగా చూస్తుంది. తద్విరుద్ధంగా "ఎస్. రావు" పేరుతో వందమంది ఒకే మనిషి అయిపోతారు. 2012 నుంచి ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య పరిశోధకులకి ఉచితంగా ఇస్తున్నారు. పరిశోధనలో అడుగుపెట్టే పిల్లలు మొదటి పత్రానికి ముందే అది తీసుకుని, పేరు ఒకే విధంగా రాసుకోవడం మంచిది. ముఖ్యంగా ఆడపిల్లలకి ఈ మాట చెప్పండి.

మనం చెయ్యగలిగినది

వీసా అధికారి, కమిటీ సభ్యుడు అంకె అడిగితే ఇవ్వక తప్పదు. ఇవ్వడంలో తప్పూ లేదు. ఇచ్చేటప్పుడు పక్కనే రెండు వాక్యాలు రాయండి. ఈ శాస్త్రంలో ఈ వయసువారికి సాధారణంగా ఎంత ఉంటుంది, ఈ ఉల్లేఖనల్లో దేన్ని ఎవరు దేనికి వాడుకున్నారు అని. ఉత్త అంకెకంటే ఆ రెండు వాక్యాలకే బలం ఎక్కువ.

మనలో కొందరం కమిటీల్లో అటువైపు కుర్చీలో కూడా కూర్చుంటున్నాం. అక్కడ దరఖాస్తుదారుడి పత్రాల్లో ఒక్కటైనా తెరిచి చదివే ఓపిక ఉండాలి. "ఇందులో మీ చేత్తో చేసినది ఏది?" అని ఒక్క ప్రశ్న అడిగితే వరసలో ఏడో పేరువాడి విలువా తెలుస్తుంది, డబ్బిచ్చి ఎక్కిన మొదటి పేరువాడి సంగతీ తెలుస్తుంది.

ఇక ఇళ్ళల్లో. పక్కింటి అబ్బాయికి ఎన్ని పేపర్లు, మనవాడికి ఎన్ని అన్న పోలిక మానేద్దాం. ఒకడు గణితంలో మూడేళ్ళు ఒక్క సిద్ధాంతంతో కుస్తీ పడుతూ ఉండవచ్చు. ఇంకొకతె ప్రయోగశాలలో అందరికీ పనికొచ్చే పద్ధతి సరిచేస్తూ ఉండవచ్చు. "ఏం చేస్తున్నావమ్మా, కాస్త అర్థమయ్యేలా చెప్పు" అని అడిగితే వాళ్ళకీ సంతోషం, మనకీ జ్ఞానం.

1925 నాటి ఆ జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. 66వ సంపుటం, 375వ పేజీ నుంచి. ఈసారి సెలవులకి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఆ మొదటి పేజీ అయినా కలిసి చదవండి. ఏ రసాయనం ఎంత కలపాలో, ఎంతసేపు ఆగాలో, తప్పు ఎక్కడ దొర్లవచ్చో భీమవరం మనిషి ఒకాయన తన సహచరుడితో కలిసి నూరేళ్ళ క్రితం ఎంత శ్రద్ధగా రాశారో వాళ్ళకే తెలుస్తుంది.